మహారాణికి ఎదురుపంక్తి

కుట్టుమిషన్ గడగడలో దర్జీ భార్య అన్నది ఒకటి, దర్జీ విన్నది ఇంకొకటి. "కోడికి తోడు కావాలండీ" అని ఆవిడంటే, ఆయనగారికి "కోడి తొడ కావాలండీ" అని వినిపించింది. ఆ చెవులు కాజాల్లాంటివి: చిల్లు ఉంటుంది గానీ గుండీ పట్టదు.

ఆ కోడిని ఆవిడ పిల్లగా ఉన్నప్పటి నుంచి గుడ్డపేలికల బుట్టలో పెట్టి పెంచింది. ముద్దుపేరు మహారాణి. మొన్నమొన్నటి దాకా నూకలు వేస్తే నేల గీకి మరీ తినేది, చాలకపోతే గుండీలూ మింగేది. అలాంటిది వారం రోజులుగా పళ్ళెం ముట్టడం లేదు. ఆవిడ పక్కన కూర్చుని బతిమాలితే నాలుగు గింజలు. ఆవిడ లేచిందా, మూతి తిప్పడమే. ఒంటరిదై బెంగపెట్టుకుందని ఆవిడకు తోచింది. చిక్కిపోకముందే కోసేద్దామని దర్జీ రోజూ ఒకటే పాట. ఆవిడ ససేమిరా అనేది. ఇప్పుడు తనే నోరు విప్పి తొడ అడిగిందని మురిసిపోయి, ఆదివారం భోజనానికి బావమరిదిని పిలిచేశాడా మహానుభావుడు. పిలిచినట్టు పెళ్ళాంతో చెప్పాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. గుడ్డ కత్తిరించేవాడే గానీ, ఆలోచన కొలతలకు అందే మనిషి కాదు.

ఆదివారం బావమరిది వచ్చాడు. ముందు పొట్ట వచ్చింది, వెనకాల తను. భోజనం ఎలాగూ ఉచితమే కాబట్టి, బావ ఉచితంగా కుట్టిపెట్టిన ప్యాంటు కూడా వేసుకు చూశాడు. ఒక కాలు పొట్టిగా ఉన్నట్టుందన్నాడు. నీ కాలే పొడుగన్నాడు దర్జీ, పెరట్లో కత్తి నూరుతూ. కత్తెర నూరుకుంటున్నాడనుకుంది ఆవిడ.

ఇంటి ముందుగదిలోని దర్జీ కొట్లో అద్దం ఒకప్పుడు నేలమీదే గోడకు ఆనించి ఉండేది. తను కుట్టే వంకర అంచులు వచ్చినవాళ్ళ కంట పడకూడదని, వారం కిందటే దర్జీ దాన్ని మీసాల ఎత్తున మేకుకు తగిలించాడు. పనితనం దిద్దుకోవడం కంటే అద్దం ఎత్తడం తేలిక కదా. బావమరిది కాళ్ళు చూసుకుందామని ఆ అద్దం దింపి నేలమీద పెట్టాడు.

బల్ల కింద ముడుచుకున్న మహారాణి లేచింది. అద్దం ముందుకొచ్చి, అందులోని కోడిని చూసి, గొంతులో ఏదో గొణిగింది. అది ముక్కు వంచితే ఇది వంచింది. వారం కిందటి దాకా మహారాణి నూకలు తిన్నది ఈ అద్దం ముందేనని ఆవిడకు అప్పుడు వెలిగింది. పళ్ళెం అద్దం ముందుకు జరిపింది. మహారాణి ఎదుటిదానితో పోటీపడి టకటకా తినేసింది.

అంతలో దర్జీ కత్తి పట్టుకుని లోపలికొచ్చాడు.

"రెక్కలు గట్టిగా పట్టుకోవే."

"దేనికండీ?" ఆవిడ కోడిని ఒళ్ళోకి లాక్కుంది.

"తొడ కావాలన్నది నువ్వే కదే."

ఆవిడ మొగుణ్ణీ తమ్ముణ్ణీ ఎదురుగా నిలబెట్టి, పసిపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. తను అడిగింది తొడ కాదు, తోడు. ఆ తోడునే ఈయన వంకర అంచులు దాచుకోవడానికి మేకుకు వేలాడదీశాడు, అందుకే కోడి తిండి మానేసింది.

"మేకు పీకేయండి. ఆ కత్తి కూడా లోపల పెట్టండి."

తమ్ముడు తన పొట్టి కాలు, పొడుగు కాలు చూసుకుని మెల్లగా అడిగాడు.

"మరి భోజనం అక్కా?"

"నూకలున్నాయిరా. మహారాణి మిగిలిస్తే."