ఒక్కసారి గుంజితే ఆగు

మా ఆయన తోమాసుకు రెండే లోకాలు, చర్చి, చెట్లు కోసే మిషన్. చర్చికి ఆదివారం ఒక్కరోజే వెళ్తాడు, మిషన్ ముందు మాత్రం రోజూ మోకరిస్తాడు. పని నుంచి రాగానే వాకిట్లో గోనెపట్టా పరిచి, చైను విప్పి పెట్రోలుతో కడుగుతాడు. గోదావరిఖనిలో చెట్టు కోస్తే పొట్టుతో పాటు బొగ్గు దుమ్ము కూడా రాలుతుంది. అది నూనెతో కలిసి చైను తిరిగే గాడిలో నల్లటి ముద్దలా పేరుకుంటుంది. దాన్ని పుల్లతో గీకి తీసి, ఒక్కో పన్నునూ గుండ్రటి ఆకురాయితో నూరి, బొటనవేలితో తడిమి చూస్తాడు. పదును కంటికి కాదు, వేలికి తెలుస్తుందనేవాడు. పప్పులో ఉప్పు లేకపోయినా కనిపెట్టని మనిషి చైను పళ్ళలో వెంట్రుకంత తేడా కనిపెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడా వేళ్ళు చచ్చిపోయాయి. ఇన్నేళ్ళూ మిషన్ అదురుకు అదిరీ అదిరీ, మొదట చలికాలం పొద్దున తెల్లగా పాలిపోయేవి. తర్వాత తిమ్మిర్లన్నాడు. ఆ తర్వాత చెప్పడమే మానేశాడు. ఒక సాయంత్రం చూస్తే ఆకురాయి ఎర్రగా ఉంది. బొటనవేలు తెగి రక్తం కారుతున్నా ఆయన నూరుతూనే ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఈయనకు చేతులు కాలినా తెలిసేలా లేదు.

తనొక్కడి పనైతే నాకింత భయం ఉండేది కాదు. కింద ఈయన, పైన నా తమ్ముడు శాంతిరాజ్. క్వార్టర్ల మీదికీ కరెంటు తీగల మీదికీ వాలిన కొమ్మలను వానలకు ముందే దించాలి. తమ్ముడు నడుముకు బెల్టు కట్టుకుని ఎక్కి, కొమ్మకు తాడు కట్టి కోస్తాడు. ఆ తాడును పై పంగలోంచి వేసి, చెట్టు మొదలుకు ఒక చుట్టు తిప్పి, ఈయన పట్టుకుని మెల్లగా వదులుతాడు. మిషన్ రొదలో కేకలు వినబడవు కాబట్టి మా మామ నేర్పిన సైగలే దిక్కు. మామ భూగర్భ గనిలో బొగ్గు టబ్బులను లాగే యంత్రం దగ్గర పనిచేశాడు. అక్కడ గంట ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే దించు. వీళ్ళు గంటకు బదులు తాడు గుంజుతారు. ఒక్కసారి గుంజితే ఆగు, రెండుసార్లు గుంజితే దించు. అది చేతికి తెలియాలి, ఈయనకు లేనిది ఆ చెయ్యే.

మానెయ్యమని ఈయన్ని బతిమాలాను. మానేసి ఏం చెయ్యాలన్నాడు. శాంతిరాజ్‌కు చెప్పొద్దని, భయంతో పైన కాలు వణికితే వాడి పని అయిపోయినట్టేనని ఒట్టు పెట్టించుకోబోయాడు. నేను పెట్టలేదు. మరునాడే వెళ్ళి తమ్ముడికి చెప్పేశాను. వాడు నవ్వాడు.

"నాకు ఎప్పుడో ఎరికే అక్క. చైను పళ్ళు ఒకదిక్కే అరుగుతున్నయి, మిషన్ వంకర కోస్తున్నది. బావ చెయ్యి ఎట్లున్నదో నాకు తెల్వదా?"

మరెందుకు ఎక్కుతున్నావురా అని నిలదీశాను.

"పక్కకు పెడితే బావ ఇంట్ల కూసొని సచ్చిపోతడు. నాకు తెలుసని ఆయనతోని అనకు. నేను గట్టిగ గుంజుతున్నలే."

ఇదీ మా ఇంటి తెలివి. వాడికి తెలియదని ఈయన ధైర్యం, తెలిసినట్టు ఈయనకు తెలియకూడదని వాడి ప్రేమ. ఇద్దరికీ అన్నం కట్టి పంపడం నా వంతు. వాడు గుంజింది ఈయనకు అందేలా చూడమని రోజూ ప్రార్థన చేసేదాన్ని, ఇంకేమీ అడిగేదాన్ని కాదు.

ఆ రోజు పాత క్వార్టర్ల వెనక పెద్ద నిద్రగన్నేరు చెట్టు కోస్తున్నారు. నేను అన్నం తీసుకుని అప్పుడే చేరాను. తమ్ముడు రెండుసార్లు గుంజాడు, ఈయన తాడు వదలడం మొదలుపెట్టాడు. కొంచెం దిగగానే కొమ్మ కొస కింది కొమ్మకు తగిలి, కోసిన మొద్దు చివర గిర్రున తిరిగి వాడి ఛాతీని మానుకు అదిమింది. వాడు తాడును ఒక్కసారి గుంజడం నేను చూశాను. గట్టిగానే గుంజాడు. పచ్చి కొమ్మ బరువుకు తాడు పంగలో బిగుసుకుని ఉంది కాబట్టి కిందికి వచ్చేసరికి అది చిన్న కదలిక. బాగున్న చేతికి ఆ మాత్రం చాలు. ఆకులు అడ్డమై పైన ఏం జరుగుతోందో కనబడక, ఈయన వదులుతూనే ఉన్నాడు, వదిలిన కొద్దీ కొమ్మ బరువు వాడి ఛాతీ మీదికే వచ్చింది. నేను పరిగెత్తి రెక్క పట్టి లాగితే గానీ ఆగలేదు.

దవాఖానలో తమ్ముడి మూతికి మాస్కు పెట్టారు, మాట లేదు. వాడు బావ చెయ్యి పట్టుకునే పడుకున్నాడు. ఈయన తలుపు వైపు చూశాడు.

"మిషన్ అట్లనే పడేసొచ్చిన. జిగురు ఎండితే చైను పట్టుకుంటది. జల్ది కడిగొస్త."

ఆ పూట మిషన్ పేరు ఎత్తినందుకు చెంప పగలగొట్టాలనిపించింది. ముఖం చూశాక నా కోపం చల్లారిపోయింది. ఆయనకు చేతనైన పని ఇంకేదీ మిగల్లేదు.

ఆయన లేస్తుండగా తమ్ముడు ఆ వేళ్ళను గుంజాడు. ఒక్కసారి. ఉన్న బలమంతా పెట్టి గుంజాడు, కానీ బలమే లేదు. ఈయన చూపు తలుపు వైపు ఉంది. చెయ్యి తీసుకుని నడిచి వెళ్ళిపోయాడు. పిలుద్దామని నోరు తెరిచాను. పిలిస్తే ఎందుకు పిలిచానో, వాడు గుంజింది మళ్ళీ ఆయన చేతికి తెలియలేదని చెప్పాలి. కాసేపట్లో వస్తాడు కదా అనుకుని ఊరుకున్నాను.

ఆయన వచ్చేసరికి తమ్ముడి ముఖం మీద దుప్పటి కప్పేశారు. పెట్రోలు వాసన వేస్తున్న చేతులతో మంచం పక్కన నిలబడ్డాడు. ఏడుపు ఆగాక నా వైపు తిరిగాడు.

"పోయేటప్పుడు నన్ను అడిగిండా?"

అడగలేదని చెప్పాను.