గొంతు లేని ఢావ్లో

మిరపకల్లంలో గాలి ఎర్రగా ఉంటుంది.

కంటికి కనపడదు. ముక్కుకు తెలుస్తుంది, గొంతుకు తెలుస్తుంది. పొద్దు వాలేటప్పుడు ఎండిన కాయల మీద నుంచి లేచి, పరదాలు దాటి, మా తండా దాకా నడిచొస్తుంది. అందరినీ దగ్గించి పోతుంది.

నాకూ దగ్గు వస్తుంది. చప్పుడు రాదు.

పోయిన ఎండాకాలం గొంతులో గడ్డ తీశారు. అది నరాన్ని చుట్టుకుని ఉందట. నరానికి తగలకుండా తీయడం కష్టమని డాక్టరు ముందే చెప్పాడు. మా ఆయన దస్రు సంతకం పెట్టాడు. ప్రాణం మిగిలింది... గొంతు పోయింది.

ఇప్పుడు నా మాట ఉత్త గాలి. చెవి దగ్గర చెబితే వినపడుతుంది. మంచానికి అవతల కూర్చున్నవాళ్ళకు నేను లేను.

మాట పోతే పోయింది. నా పేరు గోరీ. ఈ గోరీ నోరు మూతపడదని దస్రు పెళ్ళైన కొత్తలోనే మొత్తుకున్నాడు. ఇక ఆయనకు పండగే అనుకున్నాను. పాపం, ఆయనే ఎక్కువ దిగులుపడ్డాడు. ఇంట్లో చప్పుడు ఉండాలని టీవీ గట్టిగా పెట్టి, దాన్ని చూడకుండా కూర్చుంటున్నాడు.

నా దిగులు వేరు.

నా కూతురు కల్యాణి పెళ్ళి.

మా లంబాడీ తండాల్లో పిల్ల అత్తగారింటికి కదిలే ముందు ఢావ్లో పాడుతుంది. దాన్ని పాట అనాలో, ఏడుపు అనాలో... రెండూ అది. పిల్ల రెండు చేతులతో తల్లి మెడ చుట్టుకుంటుంది. భుజంలో మొహం దాచుకుంటుంది. యాడీ, అని రాగం తీసి పిలుస్తుంది. యాడీ అంటే అమ్మ. పిలిచి ఆగుతుంది.

తల్లి బదులు పాడాలి.

ఆ తర్వాత పిన్ని, మేనత్త, అక్క — ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తుంది. కానీ మొదటి బదులు తల్లిది.

నా ఢావ్లోకు పేరుంది. మరిపెడ చుట్టుపక్కల తండాల్లో పెళ్ళి కుదిరితే గోరీకి కబురు చెయ్యండి అనేవాళ్ళు. నేను గొంతు ఎత్తితే మగపెళ్ళివాళ్ళు కూడా తువ్వాలు వెతుక్కునేవాళ్ళు. ఎవరెవరి పిల్లలకో నేను పాడాను.

నా పిల్ల పిలిస్తే ఏమివ్వాలి?

తోడికోడలు లీలావతి మంచి మనిషి. నీ బదులు నేను పాడతాను, నువ్వు పక్కన నిలబడు చాలు అంది. మంచిమాటే. దస్రు తల ఊపాడు. కల్యాణి కూడా ఊపింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ రాగం లీలావతికి నేర్పింది నేనే. నేర్పినదాన్ని పక్కన నిలబడతానా?

నిలబడను అన్నాను. ఎవరికీ వినపడలేదు.

*

మరిపెడలో ఒక బడిలో నేను ఆయమ్మను. పిల్లలను బస్సు దింపుతాను, ముక్కులు తుడుస్తాను. గొంతు పోయాక చప్పట్లు కొట్టి పిలుస్తున్నాను.

ఆ బడిలో రూతు టీచర్ పాటలు చెబుతుంది. పెద్దవంగర దగ్గరి పిల్ల. చర్చిలో పాడి పాడి పెరిగింది. వానలు తగ్గాక ఒకరోజు పిల్లల చేతుల్లో తలా ఒక ప్లాస్టిక్ గొట్టం పెట్టింది. మీగడ రంగుది. ముందు వైపు బొక్కల వరస, వెనక బొటనవేలికి ఒకటి. రికార్డర్ అంటారట. పిల్లనగ్రోవిలాగా అడ్డంగా కాదు, నిలువుగా పట్టుకుని కొసను పెదవుల మధ్య పెట్టుకుంటారు.

పిల్లలందరూ ఒకేసారి ఊదారు. బడి బయట కుక్కలు లేచి పోయాయి.

నేను పోలేదు. గడపలో నిలబడిపోయాను.

అది గొంతుతో మోగడం లేదు. గాలితో మోగుతోంది.

గాలి నా దగ్గర ఉంది. నా దగ్గర ఉన్నదే గాలి!

సాయంత్రం టీచర్ చెవిలో చెప్పాను. ఏం కావాలో, ఎందుకు కావాలో. ఆమె బీరువా లోంచి ఒకటి తీసి, సబ్బుతో కడిగి ఇచ్చింది.

ఊదాను.

కీచుమంది. చెవులు చిల్లులు పడేలా... తలుపు సందులో తోక పడ్డ పిల్లి అరిచినట్టు.

“గట్టిగ ఊదకక్కా,” అంది రూతు. “అద్దం మీద ఆవిరి పడుతది కదా, గంతే. గంతే ఊదు.”

గంతే!

ఢావ్లో ఎప్పుడైనా ఆవిరంత పాడామా? పొత్తికడుపులోంచి లాగి, గుండెలో ఉన్నదంతా కలిపి, భుజాలు అదిరేలా పాడతాం. దుఃఖాన్ని కొంచెం కొంచెం తీయడం మాకెవరూ నేర్పలేదు. నా ఊపిరికి ఒక్కటే దారి తెలుసు. నోరు తెరిస్తే అంతా రావాలి.

అంతా వస్తే ఇది కీచుమంటుంది.

కొంచెం వస్తే పాడుతుంది.

చలికాలమంతా నేను కొంచెం ఊదడం నేర్చుకున్నాను.

*

వేళ్ళు మాట వినలేదు.

బొక్క పూర్తిగా మూయాలి. నా వేళ్ళ కొసలు పగుళ్ళు. పత్తి తీసి తీసి, మిరప ఏరి ఏరి చీలిన వేళ్ళు. మూశాననుకుంటాను, పగులు లోంచి గాలి జారుతుంది, స్వరం చెడుతుంది. పడుకునే ముందు వెన్నపూస రాసుకున్నాను. దస్రు చూశాడు. ఈ వయసులో సోకులా అన్నట్టు నవ్వాడు. నవ్వనిచ్చాను.

కాయ కోతకు వచ్చాక బడికి సెలవు పెట్టాను. కల్లం కాపలా నాది. మనుషులు లేని చోటు, ఊదుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏముంది? మొదటి సాయంత్రమే తప్పు చేశాను. కాయలు తిరగేసిన చేతులతోనే గొట్టం పట్టాను, అదే గొట్టం పెదవుల మధ్య పెట్టుకున్నాను.

పెదవులు నిప్పులయ్యాయి. కళ్ళు, ముక్కు, నాలుక... అన్నీ కారాయి. చాయ తెచ్చిన దస్రు నన్ను చూసి గ్లాసు కింద పెట్టేశాడు. పక్కన కూర్చుని వీపు నిమిరాడు. పిల్ల దూరమేం పోతలేదే, జనగామనే గదా, అన్నాడు. ఏడుస్తున్నాననుకున్నాడు.

కారం అని చెప్పాలనుకున్నాను. వీపు మీద చెయ్యి బాగుంది. చెప్పలేదు.

రాగం మెల్లగా వచ్చింది. ఒకరోజు పిలుపు వరకే. ఇంకోరోజు పిలుపు, విరుపు. మా రాగం మెట్లు దిగినట్టు దిగదు, జారుతుంది. గొట్టానికేమో మెట్లే తెలుసు. రూతు ఆదివారం ప్రార్థన అయ్యాక స్కూటీ మీద వచ్చి వింది. వేలు ఒక్కసారిగా ఎత్తకుండా పక్కకు లాగమంది. లాగాను.

జారింది.

నా గొంతు జారినట్టే... దాదాపు. నాకు ఏడుపు వచ్చింది. ఈసారి కారం కాదు.

“బిడ్డకు వినిపించినవా?” అని అడిగింది రూతు.

వినిపించాలి. భయం.

కల్యాణి జనగామలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పెళ్ళికొడుకు ఉపేందర్ అక్కడే పని చేస్తాడు. వాళ్ళ తండా బచ్చన్నపేట దగ్గర. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకున్నాకే మాకు చెప్పారు. చీరలు కొనడానికి ఇంటికి వచ్చినప్పుడు ఆమె ముందు ఊదాను. సగంలో కీచుమంది. ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

అందరూ నవ్వుతారు అంది. నిన్ను చూసి నవ్వితే నేను ఓర్చుకోలేను అంది. తనకు ఢావ్లో రాదట, పాడదట, సిగ్గట. ఫొటోలు దిగి కారెక్కి పోతుందట. చాలామంది ఇప్పుడు అంతేనట.

మంచిదే అన్నట్టు తల ఊపాను.

మర్నాడు కల్లంలో ఇంకా ఎక్కువసేపు ఊదాను.

*

పెళ్ళైంది.

మధ్యాహ్నం దాటాక కారు వచ్చి తండా మలుపులో ఆగింది. దస్రు పోయి డీజే ఆపించాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం... చెవులకు బరువుగా తోచింది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. గొట్టం నా కొంగు కింద ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను, వేళ్ళు వాటి చోట్లలో పెట్టుకుని, ఆలస్యం కాకూడదని.

కల్యాణి వచ్చింది. కాళ్ళకు దండం పెట్టి పోతుందనుకున్నాను.

నా మెడ పట్టుకుంది.

రెండు చేతులతో... గట్టిగా. మొహం నా భుజంలో పెట్టింది. గొంతు ఎత్తింది.

యాడీ...

నా గొంతు అది. పోయిన నా గొంతు. నా ఒళ్ళో కూర్చుని, పెళ్ళి పెళ్ళికీ విని, నాకు తెలియకుండా దాచుకుంది. అదే పిలుపు, అదే విరుపు, అదే జారుడు. నా ఒంట్లోంచి పోయింది నా పిల్ల ఒంట్లో ఉంది.

పిలిచి ఆగింది.

బదులు కోసం ఆగింది.

నేను గొట్టం ఎత్తబోయాను. రాలేదు. మా ఇద్దరి గుండెల మధ్య ఇరుక్కుపోయింది. ఎత్తడానికి బెత్తెడు చోటు లేదు. నా చేతులు రెండూ దాని మీద ఉన్నాయి. పిల్ల చేతులు రెండూ నా మెడ మీద ఉన్నాయి.

చలికాలమంతా నేర్చుకున్నాను. ఊపిరి నేర్చుకున్నాను, వేళ్ళు నేర్చుకున్నాను, నాలుక కదలిక నేర్చుకున్నాను. చేతుల సంగతి ఒక్కసారీ తట్టలేదు. నాకూ తట్టలేదు, రూతుకూ తట్టలేదు. కల్లంలో నేను ఒక్కదాన్నే కదా ఊదింది. అక్కడ నా మెడ మీద ఎవరున్నారు?

ఎన్ని పెళ్ళిళ్ళలో ఎన్ని మెడలు పట్టుకుని పాడాను! పాటే గుర్తుంచుకున్నాను. పట్టుకోవడం మర్చిపోయాను.

పట్టుకోవాలంటే దీన్ని వదలాలి.

ఊదాలంటే పిల్లను వదిలించుకోవాలి.

పిల్ల ఇంకా ఆగే ఉంది. నా భుజం తడిసింది.

నా వెనక లీలావతి ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి నాకు తెలుసు. పాటకు ముందు తీసుకునేది. పాపం, నన్ను ఆదుకుందామనే తీసుకుంది... నాకు తెలుసు.

నేను నా పిల్ల చేతులు విడదీశాను.

మెడ మీద నుంచి తీసి, మోచేతితో వెనక్కి జరిపి, గొట్టం నోట్లో పెట్టుకున్నాను.

ఊదాను.

కీచుమనలేదు. అద్దం మీద ఆవిరంత... అంతే ఊదాను. పిలుపుకు బదులు వచ్చింది. విరుపు వచ్చింది. చివర్లో జారుడు కూడా వచ్చింది. కల్లంలో ఒక్కసారీ అంత శుభ్రంగా రాలేదు. ఎవరూ నవ్వలేదు. దస్రు తలపాగా కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి.

ఢావ్లోలో పిల్ల మొహం తల్లికి కనపడదు. భుజంలో ఉంటుంది. ఎన్నో పెళ్ళిళ్ళు పాడాను, ఆ క్షణంలో ఏ పిల్ల మొహమూ చూడలేదు.

నా పిల్ల మొహం చూశాను.

ఆమె నన్ను చూడలేదు. నా నోట్లో ఉన్నదాన్ని చూసింది. ఆమె చేతులు ఇంకా పైనే ఉన్నాయి, నా మెడ అంత ఖాళీని పట్టుకుని. కాసేపటికి దించింది. కొంగు సవరించుకుంది, అది జారకపోయినా.

నేను ఆపగానే లీలావతి ముందుకొచ్చింది. పిల్లను రెండు చేతుల్లోకి లాక్కుంది. కల్యాణి ఆమె భుజంలో మొహం దాచుకుని అప్పుడు ఏడ్చింది. పెద్దగా... ఊరంతా వినేలా.

నేను గొట్టం పట్టుకుని పక్కన నిలబడ్డాను.

*

మర్నాడు దస్రు ఫోన్ మోగింది. కల్యాణి. ఆయన స్పీకర్ పెట్టి నా చేతికిచ్చాడు.

ఇంట్లో మాట్లాడుకునేది మా మాటే. దాన్ని తెలుగులో చెబుతున్నాను.

“మంచిగ ఊదినవ్ యాడీ,” అంది. “గిక్కడ అందరు వీడియో జూస్తున్నరు. మా అత్త రెండు మాట్ల చూసింది.”

ఆగింది. అవతల ఎక్కడో గిన్నె చప్పుడైంది.

“నువ్వు జరసేపు పట్టుకుంటవనుకున్న.”

కోపంగా అనలేదు. కోపమైతే బాగుండేది.

చెప్పాలి. నీ గొంతు విని సంతోషంతో చచ్చిపోయానని చెప్పాలి. లీలావతి ముందు ఓడిపోతానని భయపడ్డానని, ఆ భయంలో నిన్నే నెట్టానని చెప్పాలి. నెట్టినప్పటి నుంచి ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదని చెప్పాలి. ఫోన్ పెదవులకు ఆనించుకుని అన్నీ చెప్పాను.

దస్రు లేచి, దండెం మీది సంచిలోంచి రికార్డర్ తీసి నా ముందు పెట్టాడు. ఊదు అన్నట్టు చూశాడు.

దాన్ని ముట్టుకోలేదు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.

“యాడీ,” అంది కల్యాణి. “గాలి చప్పుడే వస్తుంది.”

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.