తోలు మీద ఆరు చిల్లులు

రేపు పొద్దున పదింటికి అస్వాన్‌లో నబ్రా ప్రసంగం. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ బాగా జరిగితే పాత నూబియా కోటలో దొరికిన మిగతా నలభై తోలు పత్రాలూ చదివే పని ఆమెకే ఇస్తారు, లేకపోతే ఎక్కడో చలిదేశంలో కూర్చున్న ఇంకెవరికో పోతుంది. అలాంటి రోజున గదిలో తలుపేసుకుని సిద్ధం కావాల్సింది పోయి, మైక్రోబస్సెక్కి గంట ప్రయాణం చేసి వచ్చి, దహీబా అవ్వ ముంగిట్లో పిండిచేతుల ఆడవాళ్ల మధ్య ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తప్పదు మరి. పిన్ని కూతురు సబ్రీన్‌కి ఆడపిల్ల పుట్టింది, ఇవాళ ఏడో రోజు. రానంటే అవ్వ ఊరుకుంటుందా?

దహీబా అవ్వ నబ్రా అమ్మమ్మకి చెల్లెలు. ఆనకట్ట కట్టి సరస్సు వాళ్ల పాత ఊరిని ముంచేసినప్పుడు పదమూడేళ్ల పిల్ల. అందర్నీ రైళ్లెక్కించి నది కనపడని ఈ కొత్త ఊళ్లో దించారు. అప్పటినుంచీ ఊరి పంట కాలవే వాళ్లకి నైలు.

"ఏమే, ఆ పెట్టెలో మొహం పెట్టి ఎంతసేపు చూస్తావు? అందులోంచి మొగుడు దిగుతాడా?" అంది రొట్టెల పెనం ముందు కూర్చున్న ఫన్నా. ఫన్నా పక్కింటి ముసలామె, దహీబా అవ్వకి చిన్నప్పటినుంచీ స్నేహితురాలూ ఆవిడే, శత్రువూ ఆవిడే.

"మొగుడు కాదు ఫన్నవ్వా, ఖర్జూరం చెట్లు."

"దానికి అస్వాన్ దాకా పోయి చదువుకోవాలా! మా అల్లుడి పెరట్లో రెండున్నాయి, పోయి చూసుకో."

అందరూ నవ్వారు. నబ్రా కూడా నవ్వింది కానీ కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి, ఎందుకంటే ఆ తోలు ముక్క నిన్నటినుంచీ ఆమెని కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఎనిమిది వందల ఏళ్ల కిందటి తోలు. దాని మీద పాత నూబియా భాషలో ఆరు వరసలు. వరసకొక ఖర్జూరం చెట్టు, ప్రతి చెట్టుకీ నాలుగేసి పేర్లు, పేర్ల తర్వాత ఒక చిల్లు. ఎవరో తోలుని ఆరు పొరలుగా మడిచి దాచారు, ఏ కాలంలోనో ఒక ఎలుక పైనుంచి కిందిదాకా ఒకే చోట కొరుక్కుంటూ పోయింది. విప్పి చూస్తే ఆరు వరసలకీ ఆరు చిల్లులు. పై పొరలో చిల్లు పెద్దది, లోపలికి పోయేకొద్దీ చిన్నది, కొంచెం వంకరగా పక్కకి జరిగింది కూడా. అందుకని ఒక్కో చిల్లు అంచున ఒక్కో రకం అక్షరాలు మిగిలాయి.

ఆ చిల్లులో ఏముండేదని ఎవర్నడిగినా ఒకటే చెప్పేవాళ్లు. దొర పేరు. ఆ నూబియా రాజ్యంలో నేలంతా రాజుదేననీ జనమంతా బానిసలేననీ పాతకాలపు ప్రయాణికులు రాసిపెట్టారు, తర్వాతివాళ్లు దాన్నే మళ్లీ మళ్లీ రాసుకుంటూ వచ్చారు. ఒక్క చెట్టుకి నలుగురు సొంతదార్లు ఎక్కడైనా ఉంటారా? కాబట్టి ఆ నలుగురూ చెట్టుకి కట్టిపడేసిన కూలీలు, చెట్టేమో దొరది. నబ్రాకీ అదే సబబుగా తోచింది. కైరోలో నాలుగో అంతస్తు ఫ్లాటులో పెరిగిన పిల్లకి తలుపు మీద ఒక్క పేరే ఉంటుందని తెలుసు, ఇంకేం తోస్తుంది? ప్రసంగానికి 'చిల్లులో దాగిన దొర' అని పేరు కూడా పెట్టింది. అది అచ్చయి అందరికీ పోయింది.

ఒక్కటే చిక్కు. అంచుల్లో మిగిలిన అక్షరాలు ఏ దొర పేరుకీ సరిపడడం లేదు. 'రాసినవాడి పొరపాటు' అని కింద చిన్న అక్షరాల్లో వేసింది. ఆరు చోట్ల ఆరు పొరపాట్లు. అబద్ధం చెప్పి అన్నం తిన్నట్టుంది ఆమెకి.

"పైకి చదువు," అంది దహీబా అవ్వ ఉన్నట్టుండి.

"ఏంటవ్వా?"

"అందులో ఉన్నది మన నూబియా మాటే అన్నావుగా? పైకి చదివితే మేమూ వింటాం."

"పాత మాట అవ్వా, మీకు అర్థం కాదు."

"చూశారా దీని పొగరు!" ఫన్నా రొట్టె తిప్పుతూ అందుకుంది. "ఎనిమిది వందల ఏళ్ల మాట గడగడా చదువుతుందట, పొద్దున మంచినీళ్లు కావాలంటే మాత్రం నన్ను అరబ్బీలో అడిగింది."

నబ్రా మొహం ఎర్రబడింది. అది నిజమే. మన మాట ఆమెకి అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు. అమ్మ నేర్పలేదు, కైరోలో బడిపిల్లలు నవ్వుతారని.

సరే చూద్దాం అని గొంతు సవరించుకుని మొదటి వరస చదివింది. తరగతిలో నేర్పినట్టు, ఒక్కో అక్షరం విడదీసి, రాయి మీద రాయి పెట్టినట్టు చదివింది. చెట్టు, నీటిచక్రం పక్కన. నేల ఫలానావాడిది. పిలక ఫలానావాడిది. నీళ్లు ఫలానావాడివి. నాలుగో పేరు. అక్కడ చిల్లు. ఆగింది.

పెనం మీద రొట్టె మాడుతోంది. ఫన్నా తియ్యడం లేదు.

"ఆగావేంటే?" అంది దహీబా అవ్వ.

"ఇక్కడ చిరిగిపోయింది అవ్వా."

"చిరిగితే ఏం, తెలిసిందేగా," అని అవ్వ ఉల్లిపాయ తరుగుతూనే, పాట కాదు మాట కాదు అన్నట్టు ఒకే ఊపున చెప్పేసింది, "'నాలుగో పాలు కొత్తగా వచ్చినవాళ్లది. ఈ చెట్టు మీద దేవుడు తప్ప ఎవరూ లేరు.'"

"ఆమేన్," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు, తుమ్మితే అన్నంత మామూలుగా.

నబ్రా గబుక్కున తలెత్తింది. "అవ్వా, మళ్లీ చెప్పు."

"సాయంత్రం చెబుతాంగా, పసిదానికి."

"ఏం చెబుతారు?"

ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సబ్రీన్ బిడ్డకి పాలిస్తూ లోపల్నుంచి అరిచింది. "దానికి తెలీదు అవ్వా, అది ఏడో రోజు ఎప్పుడూ చూళ్లేదు!"

అప్పుడు అవ్వ చెప్పింది, కత్తి ఆపకుండానే. పాత ఊళ్లో చెట్టంటే ఒక్కరిది కాదు. నేల ఒకరిస్తారు, పిలక ఇంకొకరు తెచ్చి నాటుతారు, నీళ్లు మూడోవాళ్లు పోస్తారు. ముగ్గురికీ తలో పాలు, తలో వాటా. నాలుగో పాలు ఊళ్లోకి కొత్తగా వచ్చిన బిడ్డకి ఏడో రోజున ఇస్తారు, ఆ బిడ్డ ముగ్గురికీ ఏమీ కాకపోయినా సరే. అలా చెట్టుకి నలుగురు తగులుకుంటారు. పోట్లాడుకుంటారు కానీ విడిపోలేరు.

"కానీ ఆ చెట్లు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయిగా?"

"ఉంటే? మునిగినంతమాత్రాన నాది కాకుండా పోతుందా? దీని పాలూ నా పాలూ ఒకే చెట్టులో ఉన్నాయి," అని అవ్వ గడ్డంతో ఫన్నాని చూపించింది. "అరవై ఏళ్లుగా ఇది నాతో తగువాడుతోంది, నీళ్లు నేను సరిగా పొయ్యలేదని."

"పొయ్యలేదు," అంది ఫన్నా మాడిన రొట్టె తీసి పక్కన పడేస్తూ. "ఒక్క ఎండాకాలం కూడా పొయ్యలేదు."

నబ్రా అప్పటికే తెర మీద వంగిపోయింది. అవ్వ మాటని పాత లిపిలో రాసి మొదటి చిల్లు మీద పరిచింది. ఎడమ అంచున మిగిలిన రెండక్షరాలూ అతికినట్టు కూర్చున్నాయి. రెండో చిల్లు పక్కకి జరిగింది, అక్కడ మధ్యలో ముక్క మిగిలింది, అదీ కూర్చుంది. నాలుగు, అయిదు, ఆరు, అన్నీ! దొర పేరు కాదు. దొరే లేడు. ఇన్నేళ్లూ యజమానిని కూర్చోబెట్టిన చోట ఎవరూ లేరని రాసి ఉంది. వెంటనే డాక్టర్ విజ్దాన్‌కి ఫోన్ చేసింది. ఆవిడ ఖార్తూమ్ మనిషి, నబ్రా చదువుకి పెద్ద దిక్కు, పొగడ్త అనేది ఎరగని మనిషి.

అంతా విని ఆవిడ అడిగింది. "మూడో చిల్లు?"

నబ్రా నాలుక కరుచుకుంది. "అది... కూర్చోలేదు మేడమ్."

"ఎందుకు కూర్చోలేదు?"

"అంచున 'చెయ్యి' అని స్పష్టంగా ఉంది. అవ్వ మాటలో చెయ్యి లేదు. ఇదివరకు దాన్ని దొర చేతిముద్ర అనుకున్నాను."

ఫోన్‌లో కుర్చీ కిర్రుమంది. "చూడమ్మా. అయిదు సరిపోయి ఒకటి సరిపోకపోతే, రేపు హాల్లో అందరూ ఆ ఒక్కదాన్నే పట్టుకుంటారు. ముసలామె మాట నమ్మి చరిత్ర తిరగరాస్తావా అంటారు. పాత ప్రసంగమే ఇస్తే నిన్నెవరూ ఏమీ అనరు, నలభై తోళ్లూ నీ చేతికొస్తాయి. ఆలోచించుకో. అరగంటలో నాకు చెప్పు."

ఫోన్ పెట్టేసి నబ్రా గోడకి ఆనుకుంది. తన అమ్మమ్మల అమ్మమ్మల్ని చెట్టుకి కట్టిన బానిసలని రేపు మైకులో చెప్పాలి, చెబితే ఆ తోళ్లన్నీ తనవి.

"ఏమంటోంది ఆవిడ?" అంది అవ్వ.

"ఒక చెట్టు కుదరలేదు అవ్వా. మూడోది."

"ఎవరి చెట్టది?"

ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెట్టు ఎవరిదని అడుగుతోంది, పక్కవీధి చెట్టు గురించి అడిగినట్టు! నబ్రా అయినా చదివి వినిపించింది. నేల ఒకతనిది, పిలక ఒకతనిది, నీళ్లు... "ఇక్కడ మాత్రం ఆడమనిషి పేరుంది. మిగతా అయిదింటికీ మగవాళ్లే."

అవ్వ కత్తి ఆగింది. మొదటిసారి.

"అయ్యో పాపం," అంది ఫన్నా మెల్లగా.

"ఏంటి? ఏంటవ్వా?"

"నీళ్లు పోసేవాడు పోయాడు," అంది దహీబా అవ్వ. "చిన్నవాడై ఉంటాడు, పెళ్లి కాలేదు. అప్పుడు వాడి పాలు తల్లికిస్తారు. అలాంటి చెట్టుకి మాట వేరే ఉంటుంది. 'నీళ్లు పోసిన చెయ్యి లేదు, ఆ చెయ్యిని కన్నదానికి ఇవ్వండి.' ఆ తర్వాత మామూలే, నాలుగో పాలు, దేవుడు."

"నువ్వెప్పుడన్నా విన్నావా అవ్వా ఆ మాట?"

"ఒక్కసారి. మా అన్న పడవ మీంచి పడిపోయినప్పుడు మా అమ్మకి చెప్పారు." అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఉల్లిపాయలు," అంది.

ఫన్నా ఉల్లిపాయల పళ్లెం తన వైపుకి లాక్కుంది.

నబ్రా ఆ మాటని పాత లిపిలో టైప్ చేసింది. 'చెయ్యి' అన్న మాట సరిగ్గా అంచు దగ్గరికొచ్చి ఆగింది. అంచుకి అవతల, అంతవరకూ మరక అనుకున్న రెండు గీతలు కూడా అక్షరాలయ్యాయి. ఆమె ఫొటో తీసి డాక్టర్ విజ్దాన్‌కి పంపింది. రొట్టెలు అయిపోయాయి, బుట్ట మీద గుడ్డ కప్పారు, మందారపువ్వులతో కాచిన కర్కదే గ్లాసుల్లోకి వచ్చింది. అప్పుడు ఫోన్ మోగింది.

"ఆ మరకని నేను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను," అంది డాక్టర్ విజ్దాన్. గొంతు ఎప్పటిలాగే పొడిగానే ఉంది. "ప్రసంగం పేరు మార్చి పంపు. నిన్ను తిడతారు, దానికి సిద్ధంగా ఉండు. తోళ్లు నీకిస్తారో ఇవ్వరో నేను చెప్పలేను. ఇంకో సంగతి, సాక్షులెవరు? పేర్లు కావాలి."

నబ్రా ఫోన్ చేత్తో మూసి అడిగింది. "అవ్వా, సాక్షిగా నీ పేరు రాయాలట."

"రాయి. దహీబా, సాలిహ్ కూతురు. ఫన్నా పేరు మాత్రం రాయకు."

"ఎందుకు రాయదు? రొట్టె మాడింది ఎవరిది? నా పేరు మొదట రాయవే!"

సాయంత్రం ఎండ తగ్గాక అందరూ పసిదాన్ని ఎత్తుకుని కాలవ గట్టుకి నడిచారు. నైలుకని రోజుకొకటిగా ఏడు ముద్దలు నీళ్లలో వేశారు. అవ్వ బిడ్డ చెవిలో మాట చెప్పింది, నీటిచక్రం పక్క చెట్టు, నాలుగో పాలు. బిడ్డ ఆవలించింది. అందరూ ఆమేన్ అన్నారు.

వెనక్కి తిరగబోతుంటే అవ్వ నబ్రా మణికట్టు పట్టుకుంది. "నువ్వాగు. నీ ఏడో రోజు మీ అమ్మ కైరోలో చెయ్యనేలేదు. నీ పాలు ఇరవై ఆరేళ్లుగా నా దగ్గరే పడి ఉంది. అయితే నువ్వు పసిదానివి కాదు, చెవిలో చెబితే సరిపోదు. నీ నోటితో నువ్వే చెప్పాలి."

"నాకు రాదు అవ్వా."

"పొద్దున్నుంచీ చదువుతూనే ఉన్నావుగా?"

కాలవ నీళ్లు మెల్లగా పోతున్నాయి. నబ్రా చేతిలో తెర లేదు, కాగితం లేదు. నేల, పిలక, నీళ్లు, అవ్వ అందించిన మూడు పేర్లూ చెప్పింది. నాలుగోది తన పేరు చెప్పింది. అక్కడ, తోలు మీద చిల్లు వచ్చే చోట, అలవాటు కొద్దీ గొంతు ఆగింది. ఊపిరి తీసుకుని ముందుకి పోయింది. కొత్తగా వచ్చినవాళ్లది. దేవుడు తప్ప ఎవరూ లేరు. రెండు చోట్ల తప్పు పలికింది, అవ్వ రెండు చోట్లా దిద్దింది, మళ్లీ చెప్పించింది.

"ఆమేన్," అంది ఫన్నా. వెంటనే, "చెట్టయితే నీదయింది, మరి నీళ్ల కిందున్న చెట్టుకి కాయలెప్పుడు కోస్తావే?" అంది.

"రేపు పదింటికి ఫన్నవ్వా," అంది నబ్రా, మన మాటలోనే.