మంట పుచ్చుకునే చేతులు

తెల్లవారి ఆరున్నరకల్లా కాలనీ మొదట్లో మార్క్ ఆటో హారన్ మోగుతుంది. ఆ హారన్‌కి పన్నెండు మంది ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని బయటికొస్తారు. ఒక్క ఆటోలో పన్నెండు మంది ఎలా పడతారని అడక్కండి, పడతారు. గుంటూరు ఊరి బయట కోల్డ్ స్టోరేజీల వరసలో ఒక గొడౌన్ ముందు దిగి, తలకి తువ్వాలు చుట్టుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మిరపకాయల కుప్ప ముందు కూలబడతారు. కాయ తీయడం, తొడిమ తుంచడం, మంచి కాయ ఇటు, తాలు కాయ అటు. పొద్దుగూకే దాకా అదే పని.

ఈ పని చేసినవాళ్లకి చేతుల మంట సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. చెయ్యనివాళ్లకి చెప్పినా తలకెక్కదు. మధ్యాహ్నానికి గోళ్ల సందుల్లో మొదలై సాయంత్రానికి మణికట్టు దాకా పాకుతుంది. ఇంటికెళ్లి చంటిపిల్లని ఎత్తుకోవాలన్నా భయమే. మజ్జిగలో చేతులు ముంచేవాళ్లు కొందరు, కొబ్బరినూనె పూసేవాళ్లు కొందరు. శివనాగరాజు మేస్త్రి ముఠాలో మాత్రం ఆ బాధ లేదు. వాళ్లకి కొండమ్మ ఉంది.

పని దిగాక కుళాయి దగ్గర ఆడవాళ్లు వరసలో నిలబడతారు. ఒక్కొక్కరే వచ్చి కొండమ్మ చేతులు రెండూ పట్టుకుని, మనసులో పది లెక్కపెట్టుకుని వదిలేస్తారు. వాళ్ల మంట కొండమ్మ చేతుల్లోకి పోతుంది. తర్వాతి మనిషి ముందుకొస్తుంది. రేషన్ షాపు దగ్గర లైను ఎంత మామూలో ఇదీ అంతే మామూలు. మొదట్లో పక్క ముఠాల వాళ్లు కూడా వచ్చి నిలబడేవాళ్లు గానీ, శివనాగరాజు గేటు దగ్గరే అడ్డుకున్నాడు. "మా మనిషమ్మా. మీకు కావాలంటే మీరూ ఒకళ్లని వెతుక్కోండి," అన్నాడు. మేస్త్రి బుద్ధి ఎక్కడికి పోతుంది! చేతులు మండని ముఠా రోజుకి రెండు బస్తాలు ఎక్కువ తీస్తుంది మరి. అందుకే సీజన్ అయిపోయి అందర్నీ ఇళ్లకి పంపించినా, కొండమ్మకి మాత్రం ఏడాది పొడుగునా గొడౌన్ ఊడ్చే పని ఇప్పించాడు.

మరి ఆవిడకి మండదా అంటే, మండదు. రెండేళ్ల కిందట కొండమ్మ కూతురు ధనశ్రీ, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పిల్ల, డెంగ్యూ వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. కొండమ్మ ఏడవలేదు. కన్నతల్లి కంట తడి లేదేమిటమ్మా అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు కూడా. దినవారాలు అయ్యాక పనికెళ్లింది. సాయంత్రం చూసుకుంటే చేతులకి ఏమీ తెలియడం లేదు. పక్కింటి అంకమ్మ ఓదార్చడానికి చెయ్యి పట్టుకుంటే అంకమ్మ మంట కూడా పోయింది. "వదినా, నా మంట నువ్వు పుచ్చుకున్నావే," అంది అంకమ్మ. "పుచ్చుకుంటే పుచ్చుకున్నాలే," అంది కొండమ్మ. అప్పటినుంచీ ఇలాగే నడుస్తోంది.

పుచ్చుకున్న మంట ఎక్కడికీ పోలేదు, చేతుల్లోనే ఉండిపోయింది. ఆ అరచేతుల మధ్య పెడితే చల్లారిన టీ మళ్లీ వెచ్చబడేది. వానాకాలంలో ఆరని జాకెట్లు కాలనీ ఆడవాళ్లు ఆవిడ ఒళ్లో పడేసి పోయేవాళ్లు.

ఆవిడ మొగుడు పానకాలు ఇంకో కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలా. ఆవిడ వెళ్లే వేళకి అతనొస్తాడు, ఆవిడొచ్చే వేళకి అతను వెళ్తాడు. గుమ్మంలో ఎదురుపడతారు. "కూర గిన్నెలో ఉంది." "ఊ." రెండేళ్లుగా ఆ ఇంట్లో మాటలంటే ఇవే. పిల్ల పేరు ఎత్తడానికి పానకాలుకి భయం. కొండమ్మకి భయమూ లేదు. ఏదీ లేదు.

ఇలా ఉండగా మార్చి నెలలో ఒక సాయంత్రం అందరూ ఆటో దిగిపోయాక మార్క్ కొండమ్మని ఆపాడు. సీటు కింద నుంచి అట్టపెట్టె తీశాడు. అందులో పాత తువ్వాలు మీద రెండు నెలల కుక్కపిల్ల పడుకుని ఉంది. పడుకుని ఉందనడం కూడా ఎక్కువే, పారేసినట్టుంది.

"పార్వో రోగం అంట పిన్నీ. నాలుగు పిల్లల్లో మూడు పోయాయి. దీనికి మూడు రోజులు సెలైన్ పెట్టించాను. వాంతులు ఆగాయి, రక్తం పడటం ఆగింది. ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు డాక్టరు గారు. ఒళ్లే వేడెక్కట్లేదు. బల్బు పెట్టినా లాభం లేదు. మా ఇంట్లో ఇంకో రెండు కుక్కలున్నాయి, వాటికి అంటుకుంటుందంట." మార్క్ పెట్టె ఆవిడ వైపు జరిపాడు. "నీ చేతులు వెచ్చగా ఉంటాయి కదా అని."

కొండమ్మ పెట్టెలోకి చూసింది. ముందుకాలికి బొచ్చు గొరిగి, సూది గుచ్చిన చోట దూది పెట్టి ప్లాస్టర్ అంటించారు. అలాంటి ప్లాస్టరే ధనశ్రీ చేతికీ ఉండేది. చూసింది, గుర్తుపట్టింది, ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు బాధ కూడా వెయ్యలేదు. "ఇటివ్వు," అంది.

మార్క్ చెప్పినవన్నీ బుద్ధిగా చేసింది. బ్లీచింగ్ నీళ్లతో నేల తుడిచింది. ఓఆర్ఎస్ నీళ్లు సూదిలేని సిరంజిలోకి ఎక్కించి, వేలితో బుగ్గ పక్కకి లాగి, చుక్కచుక్కగా పోసింది. అంతే, కుక్కపిల్ల కీచుమని అరిచి తల విదిలించింది. నోటి నుంచి నురగ కారింది. కాళ్లు కొట్టుకుంది. మొదటి గుక్కలోనే చచ్చిపోతోందనుకుంది కొండమ్మ. అరుపు విని అంకమ్మ పరిగెత్తుకొచ్చింది.

"వదినా, చేతులు కడిగావా?"

"కడిగా."

"ఎలా కడిగావు?"

నీళ్లతో. రెండేళ్లుగా ఆవిడ చేతులు కడగడం అంటే కుళాయి కింద పెట్టి తీయడమే. మంట తెలియని చేతికి కారం ఉందో పోయిందో ఎలా తెలుస్తుంది? పొద్దుటి నుంచి తుంచిన కాయల కారమంతా ఆ వేలు మీదే ఉంది. అంకమ్మ తల పట్టుకుంది. ఆవిడ చేతులకి కొబ్బరినూనె పట్టించి, పిండి రాసి, సబ్బుతో కడిగి, కొండమ్మ వేలు తన నాలిక మీద పెట్టుకుని చూసింది. "ఇంకా ఉంది. మళ్లీ." మూడోసారికి గానీ ఒప్పుకోలేదు. ఈలోగా పానకాలు డ్యూటీకి చొక్కా వేసుకుంటూ బయటికొచ్చి ఇద్దర్నీ చూశాడు. కుక్కపిల్ల నోరు తడిగుడ్డతో తుడిచి వెళ్లాడు.

మర్నాటి నుంచి అదో పద్ధతైపోయింది. కొండమ్మ పని నుంచి రాగానే నూనె, పిండి, సబ్బు. అంకమ్మ ఇంట్లో లేకపోతే వేలు పానకాలు ముందు చాపేది. అతను నాలిక ఆనించి చూసి, "పర్లేదు," అనేవాడు. అలా మొగుణ్ని తాకి ఎన్నాళ్లైందో ఆవిడకి లెక్క లేదు. తర్వాత కుక్కపిల్ల పొట్ట చుట్టూ రెండు చేతులూ వేసి కూర్చునేది. అది వేడిని పీల్చుకునేది. ఆకలిగొన్నది పాలు తాగినట్టు తాగేది. ఆవిడ చేతులు పట్టుకున్నంతసేపు కళ్లు తెరిచేది, వదిలితే మళ్లీ చల్లబడి ముడుచుకునేది. పగలంతా పానకాలు నిద్ర మానుకుని రెండు గంటలకోసారి ఓఆర్ఎస్ పోసేవాడు. గడియారం చూసుకుని మరీ పోసేవాడు.

మూడో రోజు సాయంత్రం కుళాయి దగ్గర అంకమ్మ పది లెక్కపెట్టి చేతులు వదిలి, మళ్లీ పట్టుకుంది. "కొంచెం మిగిలిపోయింది వదినా," అంది. వెనకున్నవాళ్లూ అదే మాట అన్నారు. శివనాగరాజు చెవిన పడనే పడింది.

ఆ మర్నాడు పొద్దున్నే కుక్కపిల్లకి పళ్ల చిగుళ్లు పాలిపోయాయి. మార్క్ డాక్టరు గారికి ఫోన్ చేస్తే, ఈ రెండు రోజులూ ఒళ్లు చల్లబడకుండా కాచుకుంటే దక్కుతుంది, లేకపోతే చెప్పలేం అన్నారు. రోజంతా ఒకళ్లు పట్టుకునే కూర్చోవాలి. కొండమ్మ ఆటో ఎక్కలేదు. గంటలో శివనాగరాజు బండేసుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు, గుమ్మం బయటే చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"కొండమ్మా, ఏంటిది? ఉన్న వేడంతా కుక్కకి తగలేస్తే మనవాళ్ల సంగతేంటి? పదకొండు మంది నీ చేతుల్నే నమ్ముకున్నారు."

"ఇది చల్లబడుతోంది అన్నా."

"చల్లబడితే ఇంకోటి దొరుకుద్ది. కుక్కలకేం కరువా? నీకు ఏడాది పని ఎందుకిప్పించానో నీకు తెలుసు. చేతులు పోతే యజమానికి ఏం చెప్పమంటావు?"

ఏమాటకామాట చెప్పుకోవాలి, కొండమ్మకి ఆ కుక్కపిల్ల మీద అప్పటికి ప్రేమా లేదు, దోమా లేదు. ఎందుకు పట్టుకుని కూర్చున్నావంటే చెప్పడానికి ఒక్క ముక్క లేదు. మేస్త్రి చెప్పింది తప్పు కాదని తెలుసు. పని పోతే ఈ వయసులో కొత్త పని ఎవరూ ఇవ్వరనీ తెలుసు. కానీ చేతులు తీస్తే ఆ పొట్ట చల్లబడుతుంది. అదీ తెలుసు.

"రెండు రోజులు రాలేను అన్నా," అంది.

శివనాగరాజు పానకాలు వైపు చూశాడు. పానకాలు సిరంజిలోకి నీళ్లు ఎక్కిస్తూ తల ఎత్తలేదు. మేస్త్రి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులు ఆవిడ ఆ గోడకి ఆనుకునే ఉంది. పానకాలు అన్నం కలిపి పెడితే తింది. మొదటి రోజు గంజి నీళ్లు మూడు చెంచాలు లోపల నిలిచాయి. రెండో రోజు మధ్యాహ్నం ఉడికిన గుడ్డులో తెల్లసొన గోరంత పెడితే కుక్కపిల్ల దాన్ని వాసన చూసి, ఆలోచించి, మింగింది. సాయంత్రానికి లేచి తూలుకుంటూ మూలకెళ్లి కూర్చుంది. పానకాలు వంగి చూసి, "కొండా, ఇటు రా, ఇటు రా, దొడ్డికి గట్టిగా వెళ్లింది!" అని పిలిచాడు. ఏదో లంకెబిందెలు దొరికినట్టు ఇద్దరూ వంగి దాన్నే చూశారు. మొగుడు తనని కొండా అని పిలిచాడని ఆవిడకి కాసేపటికి గానీ తట్టలేదు.

రాత్రికల్లా కుక్కపిల్ల ఒళ్లు తనంతట తానే వెచ్చగా ఉంది. కొండమ్మ చేతులు కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి.

మర్నాడు ఆటో ఎక్కింది. అందరూ జరిగి చోటిచ్చారు. పదకొండు గంటలప్పుడు కుడిచేతి బొటనవేలి గోరు కింద ఏదో గుచ్చుకున్నట్టనిపించింది. ముల్లనుకుని చూసుకుంది. ముల్లు లేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వేళ్లన్నీ సలపడం మొదలైంది. మూడింటికి అరచేతులు రెండూ నిప్పుల్లో పెట్టినట్టున్నాయి. ఇంతమంది రోజూ ఇది మోసుకుని ఇంటికెళ్లేవాళ్లా అనుకుంది. తనూ పద్దెనిమిదేళ్లు మోసింది గానీ, మర్చిపోయింది.

సాయంత్రం కుళాయి దగ్గర వరస కట్టారు. ముందు అంకమ్మ. చేతులు పట్టుకుని పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది.

"నాకే మండుతోంది అంకమ్మా," అంది కొండమ్మ.

అంకమ్మ ఆవిడ మొహంలోకి చూసి చేతులు వదిలేసింది. "పోతే పోయిందిలే వదినా. రెండేళ్లు మోశావు, చాలదా," అని వెళ్లి మజ్జిగ గిన్నెలో చేతులు ముంచింది. వెనక ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. నిన్నగాక మొన్న ముఠాలో చేరిన పిల్లొకతి మాత్రం ఏడుపు మొహం పెట్టింది. శివనాగరాజు గేటు దగ్గర నుంచి అంతా చూశాడు. "సీజన్ అయ్యేదాకా రా కొండమ్మా. తర్వాత సంగతి నా చేతిలో లేదు," అన్నాడు. ఆవిడ తల ఊపింది. తిరుగు ప్రయాణంలో పన్నెండు మందీ చేతులు ఆటో బయటికి చాపుకుని గాలికి పెట్టుకున్నారు.

ఇంటి ముందు దిగేసరికి పానకాలు డ్యూటీకి తయారై గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుక్కపిల్ల అతని కాళ్ల సందుల్లోంచి తూలుతూ ఎదురొచ్చింది. నుదుటి చెమట కంట్లోకి కారుతుంటే కొండమ్మ చేత్తో తుడుచుకుంది. రెండేళ్లుగా అలాగే తుడుచుకుంటోంది, ఏమీ తెలిసేది కాదు. ఈసారి కన్ను భగ్గుమంది. మెట్టు మీద కూలబడింది. పానకాలు చెంబుతో నీళ్లు తెచ్చి కళ్ల మీద కొట్టాడు. ఒక చెంబు, రెండు చెంబులు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. మూడో చెంబు తెచ్చి, ఆవిడ కొంగుతోనే మొహం తుడిచి, రెప్పలు విప్పి చూశాడు. ఎరుపు తగ్గింది. నీళ్లు ఆగలేదు.

"ఇంకా మండుతోందా?"

"కళ్లు కాదు."

"మరేంటి?"

కొండమ్మ తన అరచేతుల వైపు చూసుకుంది.

"ఆ రోజు ఆస్పత్రిలో అమ్మాయి కాళ్లు చల్లబడిపోయాయయ్యా. రెండు కాళ్లూ ఒళ్లో పెట్టుకుని రుద్దాను. ఎంత రుద్దినా వేడెక్కలేదు. నా చేతులకి చాతకాలేదు."

పానకాలు చెంబు కింద పెట్టాడు. ఆ పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను కింద రక్తం కోసం లైన్లో ఉన్నాను," అన్నాడు. "నా ముందు ఇంకా ఆరుగురున్నారు. నువ్వు పైన ఒక్కదానివే ఉన్నావు."

డ్యూటీ వేళ దాటిపోయింది. అతను లేవలేదు, ఆవిడ చెయ్యి తీసి తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"కారం అంతా అలాగే ఉంది," అంది కొండమ్మ ఏడుస్తూనే. "నీక్కూడా మండుద్ది, వదులు."

"మండనీ," అన్నాడు పానకాలు.