తాజంగి దారిలో కుడివైపు అద్దం

నేను ఒక మోటారు సైకిలు అద్దాన్ని. కుడివైపుది. ఎడమవైపు నా జోడీ ఎప్పుడో ఊడిపోయింది, దాని సంగతి నన్నడక్కండి. వెనకాల ఎవడొస్తున్నాడో, ఎందుకొస్తున్నాడో కనిపెట్టడానికే పుట్టాను. అందుకే నాకు ఎవరిమీదా నమ్మకం కుదరదు.

ఫ్యాక్టరీలో నా వీపుకి పూత పూసి, నల్ల డొప్పలో బిగించి పంపినప్పుడు, రోడ్డు చూపించడానికే వెళ్తున్నాననుకున్నాను. మొదటి యజమాని కాలేజీ కుర్రాడు. నన్ను తనవైపు తిప్పుకుని మీసం చూసుకునేవాడు, రోడ్డు ఏమైపోయినా వాడికి పట్టదు. రెండో ఆయన కానిస్టేబులు. వెనకాల పాలవాడు వచ్చినా వీడేదో ఎత్తుకొచ్చాడన్నట్టే చూసేవాడు. నాకీ బుద్ధి బాగా ఒంటబట్టింది ఆయన దగ్గరే. ఆయన కొత్త బండి కొనుక్కున్నాక నర్సీపట్నంలో రైసుమిల్లు నడిపే దాలినాయుడి చేతికొచ్చాను.

కొన్నాళ్లు దాలినాయుడు మంచివాడే అనుకున్నాను. ఒంటరిగా వెళ్తే నన్ను రోడ్డుకే వదిలేసేవాడు. పెళ్లాం తవిటమ్మ వెనకెక్కిందంటే చాలు, బొటనవేలితో నొక్కి, ఆమె మొహం కనబడేదాకా లోపలికి తిప్పేవాడు. ఇన్నేళ్లు కాపురం చేశాక పెళ్లాం మొహం మీద ఇంకా అంత మోజేమిటండీ? పైగా అది మోజు చూపు కాదు. ఆమె నోరు కదిలినప్పుడల్లా కళ్లు చిట్లించి గుచ్చిగుచ్చి చూసేవాడు. ఓహో, ఇతనికి ఆమె మీద అనుమానం అని తేల్చేశాను.

ఆమెకేమో ఇతని మీద. ఫోను మోగుతుంటే ఎత్తడట. ఎత్తినా రెండు ముక్కలకే పెట్టేస్తాడట. పిలిస్తే పలకడట. "ఎవుర్తో ఉన్నాదే," అని వాకిట్లో నా ఎదురుగానే చెల్లెలితో చెప్పుకుని ఏడ్చింది. "ఇంటికాడ అడక్కు అప్పా. ఎటైనా తీసికెల్లమని, నలుగురూ నేని సోట అడుగు," అంది చెల్లెలు. అలా కుదిరింది లంబసింగి ప్రయాణం. పిచ్చి దాలినాయుడు సరదా అనుకున్నాడు. బండి కడిగి, నన్ను కూడా తుడిచాడు.

ఘాటీ ఎక్కుతుంటే కొండల మీద మేఘాలు దిగాయట, లోయలో పూలు విరగబూశాయట. ఎవరికి తెలుసు? నాకు కనబడింది తవిటమ్మ మొహమూ, దాని పక్కన గుప్పెడు లోయా. పైకెళ్లేకొద్దీ మంచు కమ్మింది. ఆమె శాలువాని ముక్కు దాకా చుట్టుకుంది.

"ఆ శాలువా తియ్యే మూతి మీదినుంచి," అన్నాడు దాలినాయుడు.

"సలి సంపేత్తంటే తియ్యమంటావేటి?"

అతను నా మీద పట్టిన మంచుని బొటనవేలితో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. ఇదేం పోయేకాలం! పెళ్లాం మూతి కనబడకపోతే కొంపలంటుకుంటాయా? నాకు ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే ఆమె శాలువా చాటునుంచి అడిగేసింది.

"మావా, నిజం సెప్పు. నాతో కాపరం నీకు ఇట్టం నేదు కదా? ఇంకొకర్తి ఉన్నాది కదా?"

"అవునవును," అన్నాడు దాలినాయుడు, నవ్వుతూ.

నవ్వుతూ అన్నాడండీ దుర్మార్గుడు! ఆ శాలువా పైన ఆమె కళ్లు ఎలా అయిపోయాయో చూసింది నేనొక్కదాన్నే. లంబసింగి దాటి తాజంగి జలాశయం దాకా వచ్చాం. అక్కడ అతని వీపు మీద గుద్ది బండి ఆపించి దిగిపోయింది. "నీ దారి నీది. నాను సెల్లి ఇంటికెల్లిపోతాను," అని అటు తిరిగి అంటూనే గట్టు వైపు నడిచింది. అతను బండి పక్కన, రోడ్డు మీదే నిలబడి, ఏమీ అర్థంకాని మొహంతో ఆమెని చూస్తున్నాడు.

మలుపులోంచి కలప లారీ దిగింది. హారను కొట్టింది, ఆపకుండా కొట్టింది. నీళ్ల మీద బాతులన్నీ ఒక్కసారి లేచాయి. గట్టు మీద తవిటమ్మ వెనక్కి తిరిగింది. దాలినాయుడు మాత్రం ఎగిరిపోయే బాతుల్ని ముచ్చటగా చూస్తూ నిలబడ్డాడు.

ఆమె పరుగెత్తుకొచ్చింది. తిరిగొస్తోందనుకుని అతను నవ్వాడు. చొక్కా పట్టుకుని లాగితే ఇద్దరూ పక్కకి పడ్డారు. లారీ అంచు నన్ను విరుచుకుపోయింది. రాళ్ల మీద పడి రెండు ముక్కలయ్యాను.

"ఇంత హారన్ కొడతంటే ఇనబడదా!" అని డ్రైవరు తిట్టుకుంటూ పోయాడు.

తవిటమ్మ మొగుడి మొహంలోకి చూసింది. శాలువా కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, మెల్లిగా అడిగింది. "మావా, నా పేరేటి?"

"అవునవును," అన్నాడతను, భయంగా నవ్వుతూ.

ఆమె శాలువా లాగి పారేసి బావురుమంది. నాకూ అప్పుడే తెలిసింది, ఇతను ఇన్నాళ్లూ నాలో ఏం చదువుకున్నాడో.

"ఎప్పట్నుంచి?" అంది, ఎదురుగా కూర్చుని.

"మిల్లు సప్పుడుకి ఒక సెవి పోనాది. మొన్న వానలకి రెండోది."

"నాకెందుకు సెప్పనేదు?"

అతను చాలాసేపు గడ్డి పీకాడు. "మిల్లుకాడ అందరూ నాతో మాటాడ్డం మానీసినారు. నువ్వు కూడా మానేత్తావని."

ఆమె అతన్ని కొట్టింది. కొట్టి, పట్టుకుని ఏడ్చింది. వెనకాల హారను మోగితే భుజం నొక్కుతానని చెప్పింది. నన్ను ఏరి చూసి, పనికిరాదని గట్టు మీద పెట్టేసింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కొండలూ నీళ్లూ తీరిగ్గా కనబడుతున్నాయి, బాగానే ఉన్నాయి.

బండెక్కబోతూ దాలినాయుడు ఆగాడు. "ఇందాక దార్లో ఏదో అడిగినావు. ఏటది?"

తవిటమ్మ కళ్లు తుడుచుకుంది. అతనికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా కనబడేలా పలికింది.

"సలిగున్నాదా అని అడిగినాను మావా."

"హమ్మయ్య," అన్నాడతను. "అయితే సరిగ్గానే సెప్పినాను."