చేతికందే ఎత్తు

రాదిషా ఇక చక్రాల కుర్చీలోనే ఇంటికొస్తాడని ఖాయమయ్యాక అతని భార్య జోర్కా మొదట సర్దాలనుకున్నది పడకగదిని కాదు, పెరట్లో ఉన్న షెడ్డుని.

అతను మైదాన్‌పెక్ ఊరి రాగి గనిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే ముఖమైనా సరిగా కడుక్కోకుండా ఆ షెడ్డులో దూరేవాడు. వీధిలో ఎవరి కారు మొరాయించినా అతని దగ్గరికే తోసుకొచ్చేవారు. మార్చిలో ఒక సాయంత్రం సొంత కారు కింద పడుకుని సైలెన్సర్ బిగిస్తుంటే జాకీ ఒరిగిపోయింది. కారు అతని నడుం మీద పడింది. ప్రాణం దక్కింది కానీ నడుం కింద ఇంకేదీ అతని మాట వినలేదు.

షెడ్డులోని పనిముట్లన్నీ ఆరడుగుల మనిషి తన ఎత్తుకు అమర్చుకున్నవి. గోడకి చెక్క పలక, పలక నిండా మేకులు, మేకులకి పానాలు. స్టూలు ఎక్కితే గాని జోర్కాకే అందవు. కుర్చీలో కూర్చున్నవాడికి అవి గోడ మీది బొమ్మలతో సమానం. అందుకే ఆదివారం పాతసామాన్ల సంతకి బయలుదేరింది. తన వ్యాను తీసుకుని విటోమీర్ తోడొచ్చాడు.

విటోమీర్ వాళ్లకి కూమ్. వాళ్ల పెళ్లికి సాక్షిగా నిలబడ్డాడు, వాళ్ల కూతురికి పేరు పెట్టాడు. ఉండేది నాలుగిళ్ల అవతలే. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ కట్టెలు కొట్టిచ్చేదీ, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లేదీ అతనే. మాట మాత్రం బాగా తగ్గిపోయింది. బెంగ పెట్టుకున్నాడనుకుంది జోర్కా.

సంతలో ఉన్నిటోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు ఎత్తయిన ఎర్ర బీరువా చూపించాడు.

"ఇది తీసుకోమ్మా. ఏడు సొరుగులు, తాళం కూడా ఉంది. మీ ఆయన నిన్ను వదిలేసి దీన్ని వాటేసుకుంటాడు."

"పై సొరుగులో ఏముందో ఆయనకి కనపడదు. కూర్చుని పనిచేస్తాడు."

"కూర్చునా? అంత బద్ధకమా?"

"నడుం విరిగింది."

ముసలాయన టోపీ సర్దుకుని ఆమెను డేరా వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ మూతపడ్డ పళ్ల డాక్టరు గదిలోంచి వచ్చిన బూడిదరంగు ఇనప బల్ల ఉంది. పొట్టిది. సొరుగులు లోతు లేకుండా పళ్లేల్లా ఉన్నాయి. ఒక వస్తువు కింద ఇంకొకటి దాక్కోవడానికి చోటు లేదు. జోర్కా ముసలాయన కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది. వీపు ఆనించి, కాళ్లు కదపకుండా, ఒక్కో సొరుగునీ ఒంటిచేత్తో లాగి చూసింది. వేలితో లాగితే చాలు, వచ్చేస్తోంది. అట్టడుగు సొరుగు దగ్గర ఆగింది. బరువైనవన్నీ అందరూ అడుగునే పెడతారు. వాటికోసం ముందుకి వంగితే రాదిషా బోర్లా పడతాడు. సుత్తులూ పెద్ద పానాలూ నడిమి సొరుగులోకి రావాలి, అడుగున గుడ్డలూ పాత డబ్బాలూ చాలు అనుకుంది.

ప్లాస్టిక్ పెట్టెలో తళతళలాడే సాకెట్ల సెట్టు చూపిస్తే వద్దంది. "ఆయన పానాలు ఆయనకున్నాయి. ఇవి రెండోసారి బిగిస్తే అరుగుతాయి." కొనుక్కున్నదల్లా సాగే కడ్డీకి చివర అయస్కాంతం ఉన్నదొకటి. కింద పడిన నట్టుని కుర్చీలోంచే తీసుకోవచ్చు.

"మంచిదే ఏరావు. మరి కారుని మోసే స్టాండ్లున్నాయా? జాకీ ఎత్తడానికే గాని మొయ్యడానికి కాదు. ఇదిగో, ఈ జత గట్టిది," అన్నాడు ముసలాయన.

"ఉన్నాయి, ఆయన దగ్గర మంచి జతే..." అంటూ జోర్కా ఆగిపోయింది. షెడ్డు ఊడ్చింది, కడిగింది, మూలమూలా సర్దింది. స్టాండ్లు కనపడలేదు.

"విటో, ఆ స్టాండ్లేమయ్యాయి?"

విటోమీర్ ఇనప బల్ల వైపే చూస్తున్నాడు.

"నా దగ్గరున్నాయి."

"ఎప్పట్నుంచి?"

"ఫిబ్రవరి నుంచి. క్లచ్ విప్పి నా కారుని వాటి మీదే పెట్టా. పార్టు రాలేదు. ఇవాళ ఇచ్చేద్దాం, రేపిచ్చేద్దాం అనుకుంటూ..."

జోర్కా ముసలాయనకి బల్ల డబ్బిచ్చింది. ఇనప బల్లని ఇంటికి చేర్చడానికి ఇంకో బండి లేదు. అతని వ్యానులోనే, అతని పక్కనే కూర్చుని, దారిపొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ వచ్చింది. షెడ్డులో బల్ల దింపించాక అంది.

"ఇంక మా గుమ్మం తొక్కకు."

సాయంత్రానికి స్టాండ్లు గేటు బయట ఉన్నాయి. విటోమీర్ గేటు తియ్యలేదు.

గోడ మీది పలకని ఆమె ఒక్కతే దింపింది. పాత రంధ్రాల్లోంచి సున్నం పెచ్చులు జుట్టులో పడ్డాయి. వంటింటి కుర్చీ తెచ్చుకుని కూర్చుని, చెయ్యి చాపి, అందినంతమేర సుద్దముక్కతో గీత గీసింది. ఆ గీత దాటి పైన ఏదీ పెట్టలేదు.

రాదిషా ఇంటికొచ్చాడు. షెడ్డు తలుపు దగ్గర కుర్చీ ఆపి చాలాసేపు చూశాడు.

"పిల్లల బడి పెట్టావా ఏంటి?" అన్నాడు.

"నీకందాలని."

"నన్నడిగావా?"

కుర్చీ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచీ వంటింటి కిటికీ దగ్గరే ఉండేవాడు. ముందు పెట్టిన చిక్కుడుగింజల పులుసు చల్లారిపోయేది. రకియా సారా సీసా మాత్రం ఖాళీ అయ్యేది. వీధిలో ఏ కారైనా దగ్గుతూ పోతే తల ఎత్తేవాడు, మళ్లీ దించుకునేవాడు. ఒకరోజు అడిగాడు.

"విటో రావట్లేదేం?"

"రాడు."

"నువ్వు రావొద్దన్నావా?"

"స్టాండ్లు వాడి దగ్గరున్నాయని నాకు తెలిసింది."

రాదిషా గ్లాసు కింద పెట్టాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. జోర్కాకి అప్పుడు అర్థమైంది.

"నీకు ముందే తెలుసు. ఇన్నాళ్లూ ఆసుపత్రిలో పక్కన కూర్చుంటే ఒక్క ముక్క చెప్పలేదు నాకు."

"చెప్తే ఏం చేసేదానివి? ఇదేగా చేసేది."

"వాడు తెచ్చిచ్చి ఉంటే..."

"ఇచ్చి ఉంటే. నేను వెళ్లి తెచ్చుకుని ఉంటే. నాలుగిళ్లు, జోర్కా. అవతల వాన పడుతోంది. ఎంతసేపులే, రెండు బోల్టులేగా అనుకున్నా. కారు కిందకి దూరింది నేను, వాడు కాదు." గ్లాసు పక్కకి తోశాడు. "మంచం మీద పడుకుని ఇదంతా ఎన్నిసార్లు తిరగేశానో నీకేం తెలుసు. ఎటు తిప్పినా కాళ్లు రాలేదు. కాళ్లు పోయాయి, సరే. నాకున్న ఒక్క కూమ్‌ని కూడా పోగొట్టకు."

ఆమె గిన్నెలు కడిగింది, తుడిచింది, తుడిచినవే మళ్లీ తుడిచింది.

మర్నాడు పొద్దున విటోమీర్ ఇంటి గేటు దగ్గరికి వెళ్లింది. అతను కట్టెలు కొడుతున్నాడు. ఆమెను చూసి గొడ్డలి దించాడు.

"ఆయన రమ్మంటున్నాడు. పిలుస్తున్నది ఆయన, నేను కాదు," అని చెప్పి వెనక్కి తిరిగింది.

విటోమీర్ వచ్చి రాదిషా కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

"చాల్లే, లేరా గాడిదా. నీ కన్నీళ్లకి కుర్చీ తుప్పుపడుతుంది," అన్నాడు రాదిషా. "పద. ఆ సైలెన్సర్ ఇంకా వేలాడుతోంది."

అతన్ని పడేసిన జస్తావా కారు షెడ్డులో అలాగే ఉంది. విటోమీర్ జాకీతో ఎత్తాడు, రెండు వైపులా స్టాండ్లు పెట్టాడు, కింద అట్టముక్క పరిచాడు. అక్కడితో ఆగిపోయాడు. వంగడం, మళ్లీ లేవడం.

"నావల్ల కాదు రాదిషా."

"నీయబ్బ, మరి నన్ను వెళ్లమంటావా?"

జోర్కా కాఫీ తెచ్చింది, రెండు కప్పులే. పళ్లెం బల్ల మీద పెట్టి ఇద్దరినీ చూసింది. మేకుకి వేలాడుతున్న రాదిషా పని కోటు తీసి తొడుక్కుంది. కోటు చేతులు పైకి మడిచింది. కారుకి భుజం ఆనించి ఒకసారి, ఇంకా గట్టిగా ఇంకోసారి తోసింది. కారు కదల్లేదు.

"జోర్కా, నువ్వెందుకే," అన్నాడు రాదిషా.

"ఎవరో ఒకరు దూరాలిగా."

అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. మొగుడి నడుం విరిచిన ఇనుము ఆమె ముక్కుకి జానెడు దూరంలో ఉంది. తుప్పు వాసన, ఎండిన బురద వాసన. బయటికి పాకిపోదామనుకుంది.

"ఎడమపక్క బోల్టు కనపడుతోందా?" రాదిషా గొంతు వినిపించింది.

"ఆఁ."

"ముందు నూనె కొట్టు. కంగారు పడకు. ఏదీ, మాట్లాడుతూ ఉండు."

ఆమె చెయ్యి బయటికి చాపింది. ఇనప బల్ల దగ్గర నిలబడ్డది విటోమీర్.

"పదమూడు," అంది.

సొరుగు జారిన చప్పుడైంది. పానా ఆమె అరచేతిలోకి వచ్చింది.

చలికాలానికి వీధిలోవాళ్లు మళ్లీ కార్లు తోసుకురావడం మొదలుపెట్టారు. రాదిషా ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు, చేతికందే పనులు చేసేవాడు. కిందకి దూరేది జోర్కా. అన్ని రోజులూ ఒకలా ఉండేవి కావు. కొన్ని రోజులు అతను షెడ్డు మొహమే చూడకుండా కిటికీ దగ్గర తాగుతూ కూర్చునేవాడు, పిలిస్తే కసురుకునేవాడు. విటోమీర్ రోజూ వచ్చేవాడు. జోర్కా అతనికి భోజనం పెట్టేది, పక్కన కూర్చునేది కాదు. అతనితో ఆమె మాట్లాడేవి పానా నంబర్లే.

ఆమె కారు కింద ఉన్నంతసేపూ రాదిషా నోరు మూసేవాడు కాదు. బోల్టు సంగతి, వాన సంగతి, గనిలో ఎవరో అన్న మాట, ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు. ఆమె జవాబు కొంచెం ఆలస్యమైతే చాలు, చక్రాలు ముందుకి తోసుకుని, బయటికి కనపడే ఆమె బూట్ల దాకా వచ్చేసేవాడు.

"జోర్కా."

"ఉన్నానయ్యా."

"ఉంటే చెప్పొచ్చుగా."

"చెప్తున్నాగా. నువ్వు కాస్త వెనక్కి జరుగు, వెలుతురు ఆపుతున్నావు."