సువార్తమ్మకు తెలిసిన ‘అది’

గవర్నర్‌పేటలో రామకోటేశ్వరరావుగారి ఆయిలింజన్ సామాన్ల కొట్లో సువార్తమ్మ పని ఊడవడం, పెట్టెలు తుడవడం. ఏడేళ్ళుగా తుడిచీ తుడిచీ ఏ సామాను ఎక్కడుందో, ఇంజన్లో దేని పక్కన కూర్చుంటుందో ఆమెకు కంఠతా వచ్చేసింది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

డెబ్బై నాలుగులో, నాట్ల రోజుల్లో, కూచిపూడి అవతలి నుంచి బసవయ్య అనే ముసలి రైతు మొదటి బస్సుకే వచ్చి కొట్లో నిలబడ్డాడు.

“అదివ్వండి బాబూ.”

“ఏది?” అన్నాడు గుమాస్తా వెంకటప్పయ్య.

“అదేనండీ... దాన్నేదో అంటారు. మావాడు చెప్పే పంపాడు, బస్సు దిగేసరికి మర్చిపోయా. ఇంత లావుంటది. కిందుంటది.”

వెంకటప్పయ్య నాజిల్ చూపించాడు. గాస్కెట్ చూపించాడు. బసవయ్య తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

“అదీ ఇదీ అంటే ఏమిచ్చేది? పేరు కనుక్కుని రేపు రండి.”

“రేపటికి నారు మాడిపోద్దయ్యా!” అన్నాడు ముసలాయన.

సువార్తమ్మకు ప్రాణం ఒప్పలేదు. చేతిలో గుడ్డ పక్కన పడేసి ముందుకొచ్చింది.

“ఏవండీ, ఇంజన్ తిరుగుతోందా?”

“బ్రహ్మాండంగా తిరుగుతందమ్మా. నీళ్ళే రావట్లా.”

“పంపులో పోసిన నీళ్ళు నిలబడుతున్నాయా?”

“పోసినయ్యి పోసినట్టే కాలవలోకి దిగిపోతన్నయ్యి.”

“మీరనేది గొట్టం చివర, నీళ్ళలో మునిగుంటుందా?”

“అదే! అదే తల్లీ!”

ఆమె లోపలికెళ్ళి, గొట్టంలో నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు తెచ్చి పెట్టింది. బసవయ్య దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

“ఆగండి. మీ పాతది పగిలిందా?”

“లేదు. గట్టిగానే ఉంది.”

“అయితే ఇదంతా ఎందుకండీ? లోపలి తోలుబిళ్ళ అరిగుంటుంది. అదొక్కటి మార్చుకోండి.”

“నీళ్ళు రాకపోతేనో?” అన్నాడు వెంకటప్పయ్య.

“రాకపోతే నన్ను పనిలోంచి తీసెయ్యండి,” అంది సువార్తమ్మ తల దించకుండా. యజమాని గల్లా దగ్గర నుంచి అంతా చూస్తూ, తోలుబిళ్ళ డబ్బులు మాత్రమే తీసుకున్నాడు.

నాలుగో రోజున బసవయ్య మరో ఇద్దరు రైతుల్ని వెంటబెట్టుకొచ్చాడు. నాట్లు పడ్డాయట.

“ఆవిడేదండీ? అదే... ఆ, అది తెలిసినావిడ!”

కొట్లో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా సువార్తమ్మే నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక రామకోటేశ్వరరావు అడిగాడు, “ఎక్కడ నేర్చావమ్మా ఈ విద్య?”

“మా అత్త అమలమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందండీ. ‘అది’ అనే ఒక్క ముక్కే మిగిలింది. మంచినీళ్ళయినా అదే, దుప్పటయినా అదే. మూడేళ్ళు సేవ చేశాను. ఒక్కనాడూ ఆవిడ చేత రెండోసారి అడిగించుకోలేదు.”

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె నడుం నిటారుగా నిలిచింది. ఆయన వెంకటప్పయ్య పక్కన ఖాళీగా ఉన్న స్టూలు చూపించాడు.

“రేపట్నుంచి అక్కడ కూర్చో. జీతం పెంచుతాను.”

“కూర్చుంటానండీ,” అంది సువార్తమ్మ. “ఊడవడానికి మాత్రం ఇంకో మనిషిని చూసుకోండి.”